మూడో కేక

అనగా అనగా, చానాళ్ళ కిందట, గోదారి నడిమధ్యన ఒక లంక ఉండేది. లంకంటే తెలుసుగా అమ్మలూ? నాలుగు పక్కలా నీళ్ళు, మధ్యలో ఇసకా ఒండ్రూ కలిసిన నేల. చిక్కుడుకాయలాగా పొడుగ్గా, సన్నగా ఉండేదని దాన్ని చిక్కుడులంక అనేవాళ్ళు.

ఆ లంకలో పుచ్చపాదులు, పొగాకు మళ్ళు, ఓ అరవై గడపలు. తూర్పు పక్కన మట్టితో వేసిన పెద్ద గట్టు. పడమటి పక్కన ముళ్ళకంపలు పెరిగిన దిబ్బ. ఏటా వానాకాలంలో ఏరు పొంగేది. పొంగితే లంక మునిగేది. మునిగేలోగా అందరూ గట్టెక్కెయ్యాలి. ఎక్కకపోతే... ఎక్కకపోతే ఏముంది, ముందు ఆ దుప్పటి సరిగ్గా కప్పుకో, చెప్తాను.

మరి ఏరు పొంగుతోందని అరవై గడపలకీ ఎవరు చెప్తారు? అందుకని ఆ లంకలో మూడు మంచెలు కట్టారు. చేలో పిట్టల్ని తోలడానికి నాలుగు కర్రల మీద ఎత్తుగా కడతారే, అలాంటివి. ఎగువన ఒకటి, మధ్యలో ఒకటి, దిగువన ఒకటి. మంచెకొక మనిషి. ముగ్గురూ కలిసి ఒక్క చాటింపు వెయ్యాలి. అదీ అక్కడి ఆచారం.

ఎగువ మంచె మీద మావుళ్ళు. ఇంతింత బుర్రమీసాలు, బండ గొంతు. ఎవరు అనే ముక్క ఒక్కటే ఆయన పని. "ఆడవాళ్ళందరూ...!" అని కేకేసి నోరు మూసుకుంటాడు.

అప్పుడు మధ్య మంచె మీద పల్లాలమ్మ అందుకుంటుంది. ఎక్కడికి, దేన్ని, ఎప్పుడు, ఆ ముక్కలన్నీ ఆవిడవి. "పుచ్చపాదుల దగ్గరికి...!" అని సాగదీసి ఆపేస్తుంది.

ఆ తర్వాత దిగువ మంచె మీద మరిడి. పదహారేళ్ళ పిల్ల. ఏం చెయ్యాలో ఆ పిల్ల చెప్పాలి. "రండి!" అంటుంది. అంతే.

మూడు కేకలు కలిస్తే ఒక మాట. ఆడవాళ్ళందరూ, పుచ్చపాదుల దగ్గరికి, రండి. రేపు నువ్వు పెద్ద బళ్ళోకెళితే పంతులుగారు కర్త అనీ, కర్మ అనీ, క్రియ అనీ ఏవేవో పేర్లు చెప్తారు. ఆ లంకలో వాళ్ళకి ఆ పేర్లు తెలీవు తల్లీ. ఎవరు, దేన్ని, ఏం చెయ్యాలి, అంతవరకే తెలుసు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మూడో కేక పడేదాకా లంకలో ఎవ్వరూ కాలు కదపకూడదు. నవ్వకు. ఎందుకో విను.

తాతల కాలంలో ఒకరోజు మొదటి కేక పడింది, "పల్లెకారులందరూ!" అని. రెండో కేక పడింది, "పడవల్ని!" అని. చేపలు బాగా పడే రోజులవి. ఇంకేముంది, ఏట్లోకి తొయ్యమంటారు అనుకుని ఏడు పడవలు తోసుకుని ఏడుగురు వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకాల మూడో కేక పడింది. "కట్టెయ్యండి!" అని. గాలివాన వస్తోందని చెప్పబోయారన్నమాట. ఏడు పడవలు వెళ్ళాయి. నాలుగు తిరిగొచ్చాయి.

అయ్యబాబోయ్ అని లంకంతా గుండెలు బాదుకుంది. అప్పుడు పెద్దలు కూర్చుని ఈ కట్టుబాటు పెట్టారు. అంతేకాదు, తొందరపడి ఎవరూ ముందే చెప్పెయ్యకుండా, మునసబు ఎవరి ముక్క వాళ్ళకి మాత్రమే చెవిలో చెప్పాలన్నారు. మొత్తం మాట మునసబుకి తప్ప ఎవరికీ తెలీదు.

మరిడికి అమ్మ ఒక్కతే. పేరు అచ్చియ్యమ్మ. నడుం పడిపోయి నాలుగేళ్ళుగా మంచం మీదే. వాళ్ళ ఇల్లు లంక నడుమ, పల్లపు జాగాలో. ఏరు పొంగినప్పుడల్లా పక్కింటి పోలయ్య, ఇంకో ముగ్గురు కలిసి ఆవిణ్ణి మంచంతో సహా గట్టు మీదికి మోసుకెళ్ళేవాళ్ళు. మరిడి మంచె మీద ఉంటుంది కదా, తను మొయ్యడానికి లేదు. తన కేక పడితేనే అమ్మ మంచం లేస్తుంది. ఆ సంగతి ఆ పిల్లకి బాగా తెలుసు.

కానీ మరిడికి ఒక బాధ ఉండేది. ఏటా మొదటి పుచ్చకాయ కోసినప్పుడు చాటింపు వాళ్ళకి ముక్కలు పెట్టేవాళ్ళు. నడిమి ఎర్రముక్క మావుళ్ళుకి. దాని పక్కది పల్లాలమ్మకి. మరిడి దగ్గరికి వచ్చేసరికి తెల్లటి తొక్కముక్క. పైగా "తోక మరిడీ, తోక మరిడీ" అని వెక్కిరింపొకటి.

ఓ రోజు మరిడి మునసబు గవరయ్య అరుగు ముందుకెళ్ళి నిలబడింది.

"మునసబు బాబయ్యా, రేపు నేను ముందు కేకేస్తాను."

"ఎందుకే?"

"ఎప్పుడూ నేనే చివరా?"

గవరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే కానియ్. తోక ముందుకొస్తే ఆవు ఎటు నడుస్తుందో మేమూ చూస్తాం."

మర్నాడు మునసబు గారికి గడ్డివాము ఎక్కడానికి నిచ్చెన కావలసొచ్చింది. కుర్రాళ్ళిద్దరూ నిచ్చెనని తీసుకురండి అని చాటించాలి. అప్పుడు మరిడి మంచె మీద నిలబడి, ఊపిరి నిండా పీల్చుకుని, "తీసుకురండి!" అని కేకేసింది.

ఇంకేముంది! పనిమాట చెవిన పడితే కదిలే జనం కదా వాళ్ళు. అరవై గడపల్లోంచీ ఒక్కసారి బిలబిలమంటూ బయటపడ్డారు. ఒకాయన రోకలి తెచ్చాడు. ఒకావిడ పులుసు ఉడుకుతున్న దాక తెచ్చింది, చేతులు కాల్చుకుంటూ. సూరీడమ్మ అయితే వాళ్ళత్తగారిని రెక్క పట్టుకుని లాక్కొచ్చేసింది.

"ఎక్కడికే నన్ను?" అని అత్తగారు.

"నాకేం తెలుసత్తా, తీసుకురమ్మన్నారు!" అని సూరీడమ్మ.

మునసబు అరుగు మీద రోకళ్ళు, గంపలు, కోళ్ళు, ముగ్గురు ముసలాళ్ళు. నిచ్చెన తప్ప అన్నీ ఉన్నాయి. అవతల మావుళ్ళు మంచె మీంచి "కుర్రాళ్ళిద్దరూ!" అని గొంతు చించుకుంటున్నాడు. వినడానికి ఇళ్ళల్లో ఎవరున్నారు గనక? మరిడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్క మాట ముందుకి జరిగితే ఇంత పనవుతుందా అని దానికే నమ్మకం కలగలేదు.

ఆ తర్వాత పల్లాలమ్మకి సరదా పుట్టింది. "అది కుర్రపిల్ల, దానికేం తెలుసు. నేను ముందు వేస్తాను చూడండి," అంది. వేసింది. "పొగాకు మళ్ళల్లోకి...!" అని ఆవిడ, "మగవాళ్ళందరూ...!" అని మావుళ్ళు, "పదండి!" అని మరిడి. విచిత్రం! మగవాళ్ళందరూ సరిగ్గా పొగాకు మళ్ళల్లోకే వెళ్ళారు. ఒక్కడు కూడా తప్పిపోలేదు.

అదేంటంటావా? చెప్తా. నీ పలకని గూట్లో పెట్టినా, బల్ల కింద పెట్టినా, దాని మీద నీ పేరుంటే నీదేగా? మాటలకీ అంతే. మళ్ళల్లోకి అన్నప్పుడు చివర్న "కి" ఉంది చూశావా, నిచ్చెనని అన్నప్పుడు "ని" ఉంది చూశావా, అవి ఆ మాటల మీద రాసిన పేర్లు. ముందు నిలబడినా వెనక నిలబడినా అది ఏ మాటో తెలిసిపోతుంది. అందుకని మన మాటలు అటూ ఇటూ జరిగినా పోట్లాడుకోవు.

కానీ పల్లాలమ్మకి గర్వం వచ్చేసింది. "నేను ఎక్కడున్నా సరిపోతోంది. ఈ చివర్న కి, ని, అంటూ గొంతు నొప్పెట్టుకోవడం దేనికి?" అనుకుంది. మర్నాడు మునసబు గారి ఎద్దు తాడు తెంపుకుంది. పోలయ్య మునసబుగారి ఎద్దుని కట్టెయ్యాలి అని చాటింపు.

"మునసబుగారి ఎద్దు...!" అని పల్లాలమ్మ. "ని" మింగేసింది.

"పోలయ్య...!" అని మావుళ్ళు.

"కట్టెయ్యాలి!" అని మరిడి. తన చెవిలో చెప్పింది అదే మరి.

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మునసబుగారి ఎద్దు, పోలయ్య, కట్టెయ్యాలి. ఎద్దుని ఎందుకో తెలుసు. పోలయ్య ఏం చేశాడబ్బా? ఏమో, పెద్దలకి తెలిసే ఉంటుంది. అప్పుడు పదిమంది కలిసి ఎద్దుని పట్టుకున్నారు, ఇంకో పదిమంది పోలయ్యని పట్టుకున్నారు, ఇద్దర్నీ ఒకే రాటకి కట్టేశారు.

"ఒరే, నేనేం చేశాన్రా!" అని పోలయ్య మొత్తుకుంటున్నాడు. ఎద్దు తాపీగా అతని చెవి నాకుతోంది. పోలయ్య పెళ్ళాం నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఆ సాయంత్రం మునసబు ముగ్గుర్నీ పిలిచి తిట్టాడు. మావుళ్ళు మీసం దువ్వుతూ, "అంతా ఈ తోకపిల్ల మొదలెట్టిందే," అన్నాడు. పల్లాలమ్మ కూడా అవునంది. అప్పుడు గవరయ్య మరిడి వైపు తిరిగి ఒక మాటన్నాడు. అనకూడని మాట.

"ఎవరో చెప్పేది మావుళ్ళు. ఎక్కడో చెప్పేది పల్లాలమ్మ. ఆ రెండూ తెలిశాక చివరి మాటదేముందే? ఎవడైనా ఊహించుకుంటాడు. నువ్వు లేకపోయినా ఏం కాదు."

అరుగు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మరిడి నవ్వలేదు. తల దించుకుని ఇంటికొచ్చి, అమ్మకి అన్నం కలిపి పెట్టింది. "ఏంటే, మాట్లాడవు?" అని అచ్చియ్యమ్మ అడిగింది. "నా మాటకి పనేముందమ్మా," అంది మరిడి. మనసులో మాత్రం, సరే, ఊహించుకోండి, చూస్తాను, అనుకుంది.

ఇప్పుడు భయం వేసే చోటు వస్తుంది అమ్మలూ. నా పక్కకి జరుగు.

మూడో నాటి పొద్దున్న ఏరు రంగు మారింది. ఎగువన ఎక్కడో కుంభవృష్టి. నీళ్ళు ఎర్రగా, నురగతో, చెట్ల మొదళ్ళని దొర్లించుకుంటూ వస్తున్నాయి. గవరయ్య పరుగున తూర్పు గట్టు చూడ్డానికి వెళ్ళాడు. ప్రతి ఏడూ ప్రాణాలు కాపాడే గట్టు, దాని అడుగున బొరియలు పడ్డాయి. బొరియల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఇంకాసేపట్లో తెగిపోతుంది.

అప్పుడు గవరయ్య ఎగువ మంచె దగ్గరికి పరిగెత్తాడు, మావుళ్ళు చెవిలో "లంకలో వాళ్ళందరూ" అన్నాడు. మధ్య మంచె దగ్గరికి పరిగెత్తాడు, పల్లాలమ్మ చెవిలో "తూర్పు గట్టు మీదికి" అన్నాడు. ఆ తర్వాత రొప్పుతూ దిగువ మంచె దగ్గరికొచ్చి, మరిడి చెవిలో "వెళ్ళకండి" అన్నాడు.

"గట్టు తెగేలా ఉందే మరిడీ. నేను అవతలి ఒడ్డుకెళ్ళి పడవల్ని పడమటి దిబ్బ దగ్గరికి తెస్తాను," అని చెప్పి, తన పడవ తాడు విప్పేసుకుని వెళ్ళిపోయాడు. మొన్నన్న మాట ఆయనకి గుర్తు కూడా లేదు.

మొదటి కేక పడింది. "లంకలో వాళ్ళందరూ...!"

అరవై గడపల్లో జనం చేస్తున్న పనులాపి బయటికొచ్చారు. మూటలు నెత్తికెత్తుకున్నారు. పిల్లల్ని చంకనేసుకున్నారు. మేకల తాళ్ళు చేతికి చుట్టుకున్నారు. నిలబడ్డారు.

రెండో కేక పడింది. "తూర్పు గట్టు మీదికి...!"

అందరి మొహాలూ తూర్పుకి తిరిగాయి. పోలయ్యా, మిగతా ముగ్గురూ అచ్చియ్యమ్మ మంచం కోళ్ళ మీద చేతులేసి వంగి నిలబడ్డారు. ఎత్తలేదు. మూడో కేక పడాలిగా.

మూడో కేక పడలేదు.

మరిడి మంచె మీద నిలబడి ఉంది. నోట్లో మాట ఉంది. చెప్పలేదు. అరవై గడపలూ మెడలెత్తి తన వైపే చూస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగాక అంతమంది తన వైపు చూడ్డం అదే మొదలు. పది లెక్కపెట్టి చెప్పేద్దాం, అనుకుంది. పది లెక్కపెట్టేదాకా చూడనీ, ఎవడైనా ఊహించుకుంటాడన్నారుగా, అనుకుంది. పది అయింది. ఇంకో పది, అనుకుంది.

నువ్వు కోప్పడకు. అలిగిన వాళ్ళకి ఆ పది ఎంత తియ్యగా ఉంటుందో నీకు తెలీదా? మొన్న లడ్డూ చిన్నదిచ్చారని పొద్దంతా పలక్కుండా కూర్చున్నది ఎవరు?

లంకలో నీళ్ళు మడమలదాకా వచ్చాయి. ఎవ్వరూ కదల్లేదు. అదీ వాళ్ళ కట్టుబాటు. ఒక ముసలాయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, కర్ర మీద ఆనుకుని చూస్తున్నాడు. నీళ్ళు పిక్కలదాకా వచ్చాయి. అచ్చియ్యమ్మ మంచం పట్టె తడిసింది.

"ఎత్తరా పోలయ్యా," అన్నాడు ఒకడు.

"మూడో కేక..."

"ఇంకేం కేక! ప్రతి ఏడూ గట్టే ఎక్కుతున్నాం. వెళ్ళండి అనే కదా అంటుంది, ఇంకేమంటుంది?"

పోలయ్య అచ్చియ్యమ్మ మొహం చూశాడు, మంచం కింద నీళ్ళు చూశాడు. మంచివాడు పాపం. జాలిపడ్డాడు. "సరే, ఎత్తండ్రా," అన్నాడు. తాతల కాలం తర్వాత ఆ లంకలో పనిమాట వినకుండా లేచిన మొదటి కాలు అతనిదే. అతని వెనకాల సూరీడమ్మ కదిలింది, అత్తగారు కదిలింది, ఆ వెనకాల అందరూ కదిలారు.

మంచె మీంచి మరిడి చూసింది.

నలుగురి భుజాల మీద అమ్మ మంచం. తూర్పు గట్టు వైపు. వెనకాల లంకంతా.

"వెళ్ళకండి!" అని అరవబోయింది. నోరు తెరుచుకుంది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అంతసేపు కావాలని దాచుకున్న మాట, ఇప్పుడు కావాలంటే రావట్లేదు! బాగా హడిలిపోతే అలానే అవుతుంది తల్లీ, గొంతు ఎవరో పిడికిట్లో పట్టుకున్నట్టు ఉంటుంది. రెండు చేతులూ ఊపింది. ఎవరు చూస్తారు? అందరి మొహాలూ తూర్పుకే ఉన్నాయి.

అప్పుడు మరిడి మంచె మీంచి దూకేసింది. మోకాలు చెక్కుకుపోయింది. లేచింది. పుచ్చపాదులకి అడ్డం పడి పరిగెత్తింది, పొగాకు మళ్ళకి అడ్డం పడి పరిగెత్తింది, తొడలదాకా వచ్చిన నీళ్ళకి అడ్డం పడి పరిగెత్తింది. గట్టుకెళ్ళే మెరక దారిలో మంచానికి ముందుకొచ్చి, ఆ బురదనీళ్ళలో అడ్డంగా పడుకుంది.

"లేవే పిచ్చిదానా!" అని పోలయ్య అరిచాడు. "మోస్తున్నది మీ అమ్మనే!"

మరిడి తల అడ్డంగా ఊపింది. నోరు ఆడుతోంది. మాట లేదు.

"దీనికేదో సోకింది, పక్కకి లాగండి," అన్నాడు వెనకనుంచి ఒకడు. ఒకతను రెక్క పట్టుకుని లాగాడు కూడా. అప్పుడు మంచం మీంచి అచ్చియ్యమ్మ కిందికి వంగి కూతురి కళ్ళల్లోకి చూసింది. చూసి, గట్టిగా, "చెప్పవే!" అంది.

అప్పుడు వచ్చింది. కేక కాదు, కీచుమని, బొంగురుగా, గీసుకుంటూ వచ్చింది.

"వెళ్ళకండి."

మూడో కేక. ఎంత చిన్నదైనా మూడో కేక మూడో కేకే. పోలయ్య కాలు ఆగిపోయింది. అతని వెనక సూరీడమ్మ ఆగింది. లంకంతా ఒకళ్ళ వీపుకి ఒకళ్ళు గుద్దుకుంటూ ఆగింది. లంకలో వాళ్ళందరూ, తూర్పు గట్టు మీదికి, వెళ్ళకండి. మాట పూర్తయింది.

ఇంకో నాలుగు బారల దూరంలో ఉండగా, వాళ్ళ కళ్ళ ముందరే, తూర్పు గట్టు నడుమ చీలి, కూలిపోయింది. ఆ చప్పుడికి చంకలో పిల్లలు కూడా ఏడవడం మానేశారు. ఎర్రనీళ్ళు గోడలా లేచి లోపలికొచ్చేశాయి.

ఎటు పోవాలో ఎవరికీ తెలీలేదు. మావుళ్ళు లేడు, పల్లాలమ్మ లేదు, మునసబు లేడు. ఉన్నది మరిడి ఒక్కతే. పుట్టిన దగ్గర్నుంచీ చివరి ముక్క తప్ప ఏదీ కేకెయ్యని పిల్ల. ఇప్పుడు "పదండి" అని అరిస్తే ఏమవుతుందో తెలుసుగా? తలో దిక్కు పరిగెత్తుతారు. మరిడికీ తెలుసు. పులుసు దాకలూ అత్తగార్లూ దాని కళ్ళ ముందు మెదిలాయి. అందుకని ఊపిరి పట్టుకుంది.

"లంకలో వాళ్ళందరూ...!" అంది. జనం దాని వైపు తిరిగారు.

"పడమటి దిబ్బ మీదికి...!" అంది. మొహాలు పడమటికి తిరిగాయి.

"పదండి!"

అరవై గడపల కాళ్ళు ఒక్కసారి లేచాయి. మంచం ముందు, మిగతా వాళ్ళు వెనక. మొదటి కేక మనుషుల్ని కూడదీసింది, రెండోది మొహాలు తిప్పింది, మూడోది కాళ్ళు వదిలింది. అలా ముళ్ళకంపల్లోంచి చీరలు చింపుకుంటూ, రక్తాలు కార్చుకుంటూ, అందరూ దిబ్బెక్కేశారు. పల్లాలమ్మ కూడా తడిసి ముద్దై వచ్చి పడింది. మావుళ్ళు మాత్రం రాలేదు. కొట్టుకుపోయాడని అందరూ ఏడవబోతుంటే, దూరంగా తాటిచెట్టు మీంచి "నేనిక్కడ...!" అని బండ గొంతు వినపడింది. ఆయన కూడా ఊహించుకుని గట్టుకే పరిగెత్తాడన్నమాట. తాటిచెట్టు పట్టుకుని బతికాడు. మీసాలకి నాచు.

కాసేపటికి గవరయ్య పడవలేసుకొచ్చాడు. మనుషుల్ని లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. లెక్కపెడుతూ పెడుతూనే కింద కూలబడిపోయాడు.

"పాపం మరిడి," అని జనం దాని తల నిమురుతున్నారు. "హడిలిపోయి గొంతు పడిపోయిందమ్మా, అందుకే కేక పడలేదు. అయినా పరిగెత్తుకొచ్చి కాపాడింది." అందరూ అదే నమ్మారు. మరిడి ఊరుకుంటే సరిపోయేది. జన్మలో ఎవరికీ తెలిసేది కాదు.

మరిడి లేచి నిలబడింది.

"నేను," అంది. ఆ పిల్ల నోట చాటింపులో ఎప్పుడూ రాని మాట. "నేను, చెప్పాల్సిన మాటని, కావాలని చెప్పలేదు. గొంతు తర్వాత పోయింది. ముందు నేనే దాచుకున్నాను. అలిగాను."

సూరీడమ్మ తన చంకలో చంటిదాన్ని గుండెలకి గట్టిగా అదుముకుంది. నిమురుతున్న చేతులన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి.

"ఇలా రా," అంది అచ్చియ్యమ్మ. మరిడి మంచం దగ్గరికెళ్ళి వంగింది. నాలుగేళ్ళుగా కూతురి మీద చెయ్యి కూడా ఎత్తని ఆ తల్లి, అందరి ముందరా, ఫెడీమని చెంప మీద కొట్టింది. మరిడి కదల్లేదు. అప్పుడు కొట్టిన చేత్తోనే దాని చెయ్యి పట్టుకుని, అచ్చియ్యమ్మ జనం వైపు తిరిగింది.

"మీరందరూ...!" అంది.

అందరూ ఆగిపోయారు.

"నా కూతుర్ని...!" అంది. అని ఆగింది. ఏడుపొచ్చింది ఆవిడకి.

ఏమంటుందో ఎవరికి తెలీదు? పనిలోంచి తీసెయ్యండి అంటుంది. వెళ్ళగొట్టండి అంటుంది. మహా అయితే క్షమించండి అంటుంది. తలా ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎవ్వరూ పైకి అనలేదు. వాన పడుతోంది. జనం అలాగే నిలబడ్డారు. మునసబు గవరయ్య, ఎవడైనా ఊహించుకుంటాడన్న మనిషి, అందరికంటే ముందు నిలబడి, తడుస్తూ, ఆవిడ నోటి వైపు చూస్తున్నాడు.

"చెప్పు అచ్చియ్యమ్మా," అన్నాడు పోలయ్య మెల్లిగా. "నేనింక ఊహించను. నువ్వే చెప్పు."

అచ్చియ్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మళ్ళీ మంచె ఎక్కించండి," అంది.

అయ్యబాబోయ్! జనం నిర్ఘాంతపోయారు. మరిడి అందరికంటే ఎక్కువ నిర్ఘాంతపోయింది.

"నేను వద్దమ్మా!" అంది.

"నువ్వే కావాలి," అంది అచ్చియ్యమ్మ, చెయ్యి వదలకుండా. "ఒక్క మాట నోట్లో దాచుకుంటే ఏమవుతుందో ఈ దిబ్బ మీద నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

గవరయ్య తల దించుకుని, తన నెత్తి మీది తుండుగుడ్డ తీసి మరిడి భుజాల మీద కప్పాడు. ఆ తర్వాత ఆ లంకలో మూడు మంచెల వాళ్ళకీ మొత్తం మాట చెప్పడం మొదలెట్టారు. మూడో కేక మాత్రం మరిడిదే. అది మళ్ళీ ఒక్కనాడూ ఆలస్యం కాలేదు.

ఏరు పోయె సంద్రానికి, జనం పోయె లంకకి,
మాట పోయె చివరికి, నిద్ర వచ్చె కంటికి,
కథ చేరె కంచికి, మనం చేరాం మంచానికి.